విజయవాడ ఎండకి ఏ సోలార్ ప్యానెల్? పెర్క్, టాప్‌కాన్, బైఫేషియల్ మధ్య తేల్చుకోవడం ఎలా

సత్యనారాయణపురంలో మా ఇంటి డాబా మీదకి వేసవిలో ముగ్గురు సోలార్ వాళ్లు వేర్వేరు రోజుల్లో ఎక్కి దిగారు. మొదటాయన "మోనో పెర్క్ చాలు సార్, డబ్బు ఎందుకు దండగ" అన్నాడు. రెండో ఆయన టాప్‌కాన్ తప్ప ఇంకేదీ బెజవాడ ఎండకి ఆగదని గట్టిగా చెప్పాడు. మూడో ఆయన బైఫేషియల్ పెట్టుకుంటే కింద నుంచి కూడా కరెంట్ వస్తుందని, డాబాకి తెల్ల రంగు వేయిస్తే ఇంకా ఎక్కువొస్తుందని చెప్పి టీ తాగి వెళ్లాడు. పెర్క్, టాప్‌కాన్ అనేవి ప్యానెల్ లోపలి సెల్ తయారయ్యే రకాలు, టాప్‌కాన్ కొత్తది. మూడు కొటేషన్లూ పక్కపక్కన పెడితే అదే 3 కిలోవాట్లకి ముప్పై వేల పైన తేడా. ముగ్గురూ చెప్పిన వాటిలో అబద్ధం పెద్దగా లేదు, కానీ ముగ్గురిలో ఒక్కరు కూడా మా కరెంట్ బిల్లు అడగలేదు, పక్కింటి మెట్ల గది వైపు తల తిప్పి చూడలేదు. నేను ఆ తర్వాత పడ్డ పాట్లన్నీ అక్కడే మొదలయ్యాయి.

అందుకని ప్యానెళ్ల రకాల దగ్గరికి వెళ్లే ముందు వేరే సంగతులు.

ముందు బిల్లు తీయండి

మన దగ్గర ఇళ్ల కరెంట్ శ్లాబుల్లో నడుస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్క ప్రకారం మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన ప్రతి యూనిట్‌కి 9.75. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. సోలార్ వేయించుకుంటే ముందుగా కరిగేది పై శ్లాబు, అంటే ఖరీదైన యూనిట్లే.

దీని అర్థం ఏంటో ఒక ఉదాహరణ చూడండి. రెండు ఏసీలున్న ఇల్లు, మే నెలలో 600 యూనిట్లు కాల్చింది అనుకుందాం. యూనిట్ల చార్జీలే 4,498 రూపాయలు. 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఉంటే, కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్ల చొప్పున నెలకి 360 యూనిట్లు వస్తాయి, మిగిలిన 240 యూనిట్లకి బిల్లు 1,148 రూపాయలు. మిగిలింది 3,350, అంటే ఒక్కో సోలార్ యూనిట్ విలువ తొమ్మిది రూపాయల పైన. అదే నెలకి 200 యూనిట్లే వాడే ఇద్దరు ముసలివాళ్ల ఇల్లు చూడండి. బిల్లు మొత్తం సున్నా అయినా మిగిలేది 867 రూపాయలే, యూనిట్‌కి నాలుగున్నర కూడా లేదు. ప్యానెల్ ఒకటే, ఎండ ఒకటే, కానీ రెండో ఇంట్లో అది సంపాదించేది సగం. కాబట్టి "ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది" అని ఎవరైనా మీ బిల్లు చూడకుండా చెప్తే ఆ అంకెని పట్టించుకోకండి.

200 యూనిట్ల ఇల్లు వాళ్లకి 2 కిలోవాట్లు చాలు. డాబా ఖాళీగా ఉంది కదా అని 5 వేయించుకుంటే మిగులు కరెంట్ డిస్కమ్‌కి, అంటే కరెంట్ సరఫరా చేసే సంస్థకి పోతుంది, దానికి వాళ్లు కట్టే ధర మీరు కొనే పై శ్లాబు ధర కాదు.

నీడ: వేసవిలో చూసి మోసపోకండి

మా డాబా సర్వే మే నెలలో జరిగింది. అప్పుడు విజయవాడలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, నిజానికి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకి కాస్త ఉత్తరం వైపే ఉంటాడు, ఎందుకంటే మనం 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. ఆ రోజుల్లో దేనికీ పెద్దగా నీడ పడదు. పక్కింటి మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు, అన్నీ అమాయకంగా కనిపించాయి. కార్తీక మాసం వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటితే చాలు, ఆ ట్యాంకు నీడ మా చివరి రెండు ప్యానెళ్ల మీద కూర్చునేది. డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, పదడుగుల గోడ ఉత్తరానికి ఎనిమిది అడుగుల పైన నీడ వేస్తుంది, సాయంత్రానికి అది ఇంకా సాగుతుంది. పెట్టినాయనకి ఫోన్ చేస్తే "అది సీజన్ సార్, మళ్లీ సర్దుకుంటుంది" అన్నాడు. సర్దుకుంటుంది నిజమే, ఫిబ్రవరిలో!

ప్యానెళ్లని దండలా ఒకదాని వెనక ఒకటి కలుపుతారు కాబట్టి ఒకదాని మీద నీడ పడితే నష్టం ఆ ఒక్కదానితో ఆగదు. ప్యానెల్ లోపల నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంట్‌ని పంపే బైపాస్ డయోడ్లు ఉంటాయి, సెల్‌ని రెండు ముక్కలు చేసి పెట్టిన (హాఫ్ కట్) ప్యానెల్ అయితే సగం భాగం పనిచేస్తూనే ఉంటుంది, అయినా దెబ్బ దెబ్బే. పెర్క్ అయినా టాప్‌కాన్ అయినా నీడ ముందు ఒకటే. నీడ తప్పని డాబా అయితే ఖరీదైన ప్యానెల్‌కి పెట్టే డబ్బు ప్యానెల్‌కొకటి పెట్టే మైక్రో ఇన్వర్టర్ల మీదో, ప్యానెల్‌కొక ఆప్టిమైజర్ మీదో పెట్టండి. ప్రతి ప్యానెల్ దేనికది పనిచేసుకుంటుంది కాబట్టి నీడ పడ్డది మిగిలినవాటిని లాగదు. వేసవిలో సర్వే చేయించుకునేవాళ్లు ఫోన్‌లో సూర్యుడి దారి చూపించే యాప్ ఏదైనా పెట్టుకుని డిసెంబర్ 21 తేదీ వేసి చూడండి, పావుగంట పని.

ఇక ప్యానెళ్లు

| రకం | సామర్థ్యం | వేడికి తగ్గేది (ఒక్కో డిగ్రీకి) | సెల్ 60 డిగ్రీలకి వేడెక్కితే 3,000 వాట్లలో మిగిలేది |
|---|---|---|---|
| పాలీ (పాత రకం, నీలం రంగు) | 15–17 శాతం | 0.40 శాతం | 2,580 |
| మోనో పెర్క్ | 20–21 శాతం | 0.35 శాతం | 2,632 |
| టాప్‌కాన్ | 22–23 శాతం | 0.29 శాతం | 2,695 |
| హెచ్‌జేటీ (హెటెరోజంక్షన్) | 22–23 శాతం | 0.25 శాతం | 2,737 |

కంపెనీని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, మీకు ఇచ్చే మోడల్ డేటాషీట్‌లో "టెంపరేచర్ కోఎఫిషియంట్" అన్న వరుస చూసుకోండి.

ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర ల్యాబ్‌లో కొలిచినవి. రోహిణి కార్తెలో మన డాబా మీద 25 డిగ్రీలు అర్ధరాత్రి కూడా ఉండదు. గాలి 43 ఉన్న రోజు ప్యానెల్ లోపల సెల్ 60 దాటేస్తుంది. అందుకే ఎండ మండిపోయే మే నెలలో ఎండకి తగ్గంత కరెంట్ రాదు, ఆకాశం తేటగా ఉండి గాలి చల్లగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్యానెల్ హాయిగా పనిచేస్తుంది. ఎండ ఎక్కువ కాబట్టి కరెంట్ ఎక్కువ అనుకునేవాళ్లకి ఇది మింగుడుపడదు, నాకూ మొదట పడలేదు.

పట్టికలో పెర్క్‌కీ టాప్‌కాన్‌కీ తేడా చూడండి, 63 వాట్లు. మొత్తం మీద రెండు శాతం. అది కూడా బాగా వేడిగా ఉన్న గంటల్లో మాత్రమే. "మన ఎండకి పెర్క్ ఆగదు" అన్న మాటకి అసలు కొలత ఇదీ.

సామర్థ్యం అనే అంకె గురించి కూడా అపోహ ఉంది. 3 కిలోవాట్ల పెర్క్, 3 కిలోవాట్ల టాప్‌కాన్ రెండూ 3 కిలోవాట్లే. 22 శాతం ఉన్నది 20 శాతం ఉన్నదాని కంటే అంత ఎక్కువ కరెంట్ ఇస్తుందని కాదు, అదే కరెంట్‌ని తక్కువ చోటులో ఇస్తుందని. ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు ఉండే పెద్ద ప్యానెల్ పెర్క్‌లో 540 వాట్లు అయితే, అదే కొలతలో టాప్‌కాన్ 580, 590 దాకా వస్తుంది. సుమారు 3 కిలోవాట్లకి అవి ఆరు, ఇవి ఐదు. మీ డాబా మీద ఆరోదానికి చోటుంటే ఈ గొప్ప మీకు అక్కర్లేదు.

టాప్‌కాన్‌కి నిజంగా ఉన్న బలం వయసు. బోరాన్ కలిపిన పెర్క్ సెల్‌లో ఎండ తగిలిన తొలి రోజుల్లోనే బోరాన్, ఆక్సిజన్ జతకట్టి కొంత శక్తిని తినేస్తాయి, అందుకే కంపెనీలే తొలి ఏడాది 2 శాతం, తర్వాత ఏడాదికి 0.55 శాతం తగ్గుతుందని వారంటీలో రాసుకుంటాయి. టాప్‌కాన్‌కి సాధారణంగా తొలి ఏడాది 1 శాతం, తర్వాత 0.4. పాతికేళ్లకి పెర్క్ 84.8 శాతం దగ్గర ఉంటే టాప్‌కాన్ 89.4 దగ్గర ఉంటుంది, కాగితం మీద.

ఇవన్నీ కలిపి నేను వేసిన లెక్క: మొదటి పదేళ్లలో 3 కిలోవాట్ల టాప్‌కాన్ ఏడాదికి సుమారు 150 యూనిట్లు ఎక్కువ ఇస్తుంది. పదేళ్లకి 1,500 యూనిట్లు, 6 రూపాయల శ్లాబులో ఉన్నవాళ్లకి 9,000, తొమ్మిది రూపాయల శ్లాబులో ఉన్నవాళ్లకి 13,500. కాబట్టి రెండు కొటేషన్ల మధ్య తేడా పదివేల లోపు ఉంటే కళ్లు మూసుకుని టాప్‌కాన్. ఇరవై, ముప్పై వేలు అడిగితే పెర్క్ తీసుకుని ఆ డబ్బు స్ట్రక్చర్ (ప్యానెళ్లని నిలబెట్టే ఇనుప చట్రం) మీద పెట్టండి. మేం పెర్క్ పెట్టించాం, బాధ లేదు, నీడ సంగతి తప్ప.

పాలీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. గోడౌన్‌లో మిగిలిపోయిన సరుకు చవగ్గా ఇస్తామంటారు, వద్దనండి. హెచ్‌జేటీ వేడికి అన్నిటికన్నా బాగా తట్టుకుంటుంది, ధర మాత్రం మామూలు ఇంటికి కిట్టదు.

బైఫేషియల్ అనేది వేరే జాతి కాదు. పెర్క్‌లోనూ ఉంటుంది, టాప్‌కాన్‌లోనూ ఉంటుంది, వెనక కూడా గాజు పెట్టి కింద నుంచి ఎగిరొచ్చే వెలుతుర్ని పట్టుకుంటుంది. నేల నుంచి అడుగు ఎత్తులో, నల్లబడిన సిమెంట్ డాబా మీద పెడితే వెనక్కి వెళ్లే వెలుగు ఏముంటుంది? ఏడెనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేయించి, కింద తెల్ల సున్నమో కూల్ పెయింటో కొట్టించిన ఇంట్లో అయితే కొంత లాభం కనపడుతుంది. బెజవాడలో వేసవి ముందు డాబాకి సున్నం కొట్టే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి అలాంటి ఇళ్లకి ఇది బాగా నప్పుతుంది. పైగా రెండు వైపులా గాజు ఉన్నది తేమకి బాగా ఆగుతుంది. బరువు మాత్రం ఎక్కువ, మామూలు ప్యానెల్ 28 కిలోల దగ్గర ఉంటే ఇది 32 దాకా తూగుతుంది.

సబ్సిడీ మీ చేతులు కట్టేస్తుంది

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30,000, మూడో కిలోవాట్‌కి 18,000, మొత్తం 78,000 రూపాయలు. 3 దాటి ఎంత పెట్టినా అంతే. రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్ల దాకా ఉచితంగా, బీసీ ఇళ్లకి అదనపు సాయంతో పెట్టే పథకాలు కూడా ప్రకటించింది, ముందు అది మీకు వర్తిస్తుందేమో మన డిస్కమ్ సీపీడీసీఎల్ ఆఫీసులో కనుక్కోండి.

షరతు ఏంటంటే సబ్సిడీ కావాలంటే ప్యానెల్‌తో పాటు లోపలి సెల్ కూడా ఇక్కడ తయారైనదే అయ్యుండాలి. దీన్నే డీసీఆర్ అంటారు. బయటి సెల్ తెచ్చి ఇక్కడ అతికించిన ప్యానెల్ మీద "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంటుంది, కానీ డీసీఆర్ కాదు. చవగ్గా టాప్‌కాన్ ఇస్తానన్న కొటేషన్ చాలాసార్లు ఇదే. మా రెండో ఆయనది కూడా అంతే అని తర్వాత తెలిసింది, సబ్సిడీ మాట ఆయన నోట ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

3 కిలోవాట్ల వాళ్లు ఆలోచించే పని లేదు, డీసీఆరే. కానీ డాబాలు పెద్దవై, నాలుగు ఏసీలు నడిచే ఇళ్లవాళ్లు, బెంజ్ సర్కిల్ అవతల ఇలాంటివి బోలెడు, ఒకసారి ఆగి లెక్క చూసుకోవాలి. డీసీఆర్‌కీ మామూలుదానికీ వాట్‌కి 10 రూపాయలు తేడా వచ్చిందనుకోండి, 8 కిలోవాట్లకి అది 80,000. ప్రభుత్వం ఇచ్చే 78,000 అక్కడే ఆవిరి. అలాంటివాళ్లు రెండు రకాలకీ కొటేషన్ తీసుకుని, సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది ఎంతో చూసి తేల్చుకోవాలి.

జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత కొటేషన్ పట్టుకొచ్చి అదే రేటంటే ఊరుకోకండి.

కంపెనీ పేరు

వారీ, అదానీ, టాటా, విక్రమ్, హైదరాబాద్ వాళ్ల ప్రీమియర్, ఇలా మన దగ్గర దొరికే పేర్లు చాలా ఉన్నాయి. వీటి మధ్య తేడా కంటే పెట్టేవాడి పనితనంలో తేడా ఎక్కువ. "టైర్ వన్ సార్" అని గొప్పగా చెప్తారు, అది ఆ కంపెనీ ప్యానెళ్లు వాడే ప్రాజెక్టులకి బ్యాంకులు నమ్మి అప్పిస్తాయా లేదా అని చూసే జాబితా, నాణ్యత మార్కు కాదు. కొటేషన్‌లో "540 వాట్లు, ప్రముఖ కంపెనీ" అని కాకుండా పూర్తి మోడల్ నంబర్ రాయించుకోండి. లారీ దిగిన రోజు ప్యానెల్ వెనక ఉన్న లేబుల్ ఫోటోలు తీసి, సీరియల్ నంబర్లు బిల్లులో వేయించండి. పాతికేళ్ల వారంటీ అంటారు గానీ అది కరెంట్ ఎంత తగ్గొచ్చో అన్నదాని మీద, ప్యానెల్ పాడైతే మార్చే వారంటీ సాధారణంగా 10, 12 ఏళ్లే.

స్ట్రక్చర్ దగ్గర పిసినారితనం వద్దు

ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది, దాని కింద ఇనుము తుప్పు పడితే ఏం లాభం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే గుంటూరుకి ఎంత దూరమని. గాలి తట్టుకునే డిజైన్ల కోసం మన దేశ ప్రమాణాల్లో విజయవాడకి పెట్టిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన) ఇనుమే అడగండి, వెల్డింగ్ చేసి పైన వెండి రంగు పూసేది కాదు. కాళ్లు డాబా మీద సిమెంట్ దిమ్మల్లో ఎలా బిగిస్తారో, అక్కడ వాన నీళ్లు కారకుండా ఏం చేస్తారో పనికి ముందే అడగాలి.

ఎత్తు స్ట్రక్చర్ ఖర్చు ఎక్కువే, కానీ కింద బట్టలు ఆరేసుకోవచ్చు, వేసవిలో మంచం వేసుకోవచ్చు, కింది గదికి వేడి కూడా తగ్గుతుంది. వడియాలకి మాత్రం ఎండ మిగలదని మా ఇంట్లో పెద్ద గొడవ. చివరికి తూర్పు వైపు పిట్టగోడ పక్కన ఒక బారు వదిలేశాం.

ప్యానెళ్ల కరెంట్‌ని ఇంటి కరెంట్‌గా మార్చే ఇన్వర్టర్‌ని మీటర్ పక్కన కింద పెట్టేస్తామంటారు, వైరు కలిసొస్తుందని. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు మునిగిన సంగతి చూశాక కూడా ఒప్పుకుంటే ఏమనాలి. మెట్ల గదిలో, పడమటి ఎండ తగలని గోడకి పెట్టించండి.

కరెంట్ పోతే ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంట్ లైన్‌కి కలిపిన) సోలార్ కూడా ఆగిపోతుందని చాలామందికి తెలీదు. లైన్ మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. ఇంట్లో పాత ఇన్వర్టర్ బ్యాటరీ ఉంటే అది అలాగే ఉంచుకోండి, దాని కోసం లక్షలు పోసి బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ సోలార్‌కి వెళ్లడం ఊళ్లో ఉండేవాళ్లకి నాకైతే అనవసరం అనిపిస్తుంది.

కడగడం: పది, పదిహేను రోజులకోసారి, తెల్లవారుజామున, కృష్ణా నీళ్లతో. బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్ల మరకలు పడి గాజుకి అతుక్కుపోతాయి.

ఎవరికి ఏది

చిన్న డాబా, నీడ లేదు, ఏసీలు రెండు: డీసీఆర్ టాప్‌కాన్ ఐదు ప్యానెళ్లు, కాస్త ఎక్కువైనా. డాబాకి చోటు బాగా ఉండి బిల్లు ఓ మోస్తరుగా వచ్చేవాళ్లకి డీసీఆర్ పెర్క్, మంచి స్ట్రక్చర్. ఎత్తు స్ట్రక్చర్ ఎలాగూ వేయిస్తున్నవాళ్లు బైఫేషియల్ అడగండి. అద్దెకిచ్చిన పోర్షన్లకి వేరే మీటర్లున్న ఇంటివాళ్లు ముందు ఏ మీటర్‌కి కలపాలో తేల్చుకోండి, నెట్ మీటర్ (వచ్చిన కరెంట్, పంపిన కరెంట్ రెండూ లెక్కపెట్టేది) ఒక సర్వీసుకే. మీ సర్వీసు మంజూరైన లోడ్ 2 కిలోవాట్లే ఉండి 3 పెట్టాలంటే లోడ్ పెంపు సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

గుంటూరు బ్రాడీపేటలో మా బావగారి ఇల్లు మాత్రం ఈ పట్టికల్లో ఇమడలేదు. బిల్లు వేసవిలో 500 యూనిట్లు దాటుతుంది, డాబా పెద్దది, డబ్బుకి ఇబ్బంది లేదు, టాప్‌కాన్ 4 కిలోవాట్లకి మాట్లాడేసుకున్నాడు. దక్షిణం వైపు వేపచెట్టు ఒకటి సగం డాబాని కప్పేస్తుంది. కొట్టించేద్దామంటే అత్తయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. "అది మీ నాన్న పెట్టిన చెట్టురా, నీ కరెంటు కోసం కొట్టేస్తావా" అన్నారు బావతో. చివరికి నీడ పడని ఉత్తరపు చివర నాలుగు పెర్క్ ప్యానెళ్లు, 2 కిలోవాట్లు పెట్టించాడు. చెట్టు అలాగే ఉంది, రాలే ఆకులు మాత్రం వారానికోసారి ప్యానెళ్ల మీద నుంచి ఊడుస్తున్నాడు.